ఏ మెమరీ చాలడం లేదు?

లాప్‌టాప్ నెమ్మదించిందంటే చాలామంది ముందుగా చేసే పని ఫోటోలు, సినిమాలు డిలీట్ చేయడం. గంటసేపు కూర్చుని ఇరవై జీబీ ఖాళీ చేస్తారు. మర్నాడు క్రోమ్ తెరిస్తే మళ్లీ అదే నత్తనడక. ఇక దుకాణానికి తీసుకెళ్తారు. అక్కడ "ర్యామ్ వేయించుకోండి సార్" అంటారు, లేదంటే కొత్తది కొనుక్కోమంటారు. ఈ రెంటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ యంత్రంలో ఏ మెమరీ చాలడం లేదో మీ కళ్లతో మీరే చూసుకోవాలి. అందుకు ఇంజినీరింగ్ చదివి ఉండక్కర్లేదు. పది నిమిషాల ఓపిక, నాలుగైదు సంగతుల మీద పట్టు ఉంటే చాలు. అవి తెలిస్తే అనవసరపు ఖర్చు తప్పుతుంది. అంతకన్నా ముఖ్యం, పిల్లల ప్రాజెక్టులూ పెళ్లి ఫోటోలూ తాతగారి గొంతున్న రికార్డింగులూ చేజారిపోకుండా ఉంటాయి.

ఇన్ని రకాలు ఎందుకు?

కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్. దానికి కావలసిన అంకెలూ అక్షరాలూ ఎక్కడి నుంచో అందుతూ ఉండాలి. అందించే మెమరీ ఎంత వేగమైనదైతే అంత ఖరీదు, చిప్ మీద అంత చోటు తింటుంది. చవగ్గా ఎక్కువ దాచుకోవాలంటే వేగం వదులుకోక తప్పదు. అందుకే అన్ని రకాలూ తలా కొంత పెడతారు. ప్రాసెసర్ లోపలే కొన్ని కిలోబైట్ల నుంచి మెగాబైట్ల దాకా క్యాష్ మెమరీ ఉంటుంది. దాని పక్కన ఎనిమిదో పదహారో జీబీల ర్యామ్, ఆ వెనక వందల జీబీల ఎస్‌ఎస్‌డీ గానీ హార్డ్‌డిస్క్ గానీ.

వీటి మధ్య వేగంలో ఉన్న తేడాను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ప్రాసెసర్‌కు అతి దగ్గరగా ఉన్న క్యాష్ నుంచి ఒక ముక్క తెచ్చుకోవడానికి సుమారు ఒక నానోసెకను పడుతుంది, అంటే సెకనులో వంద కోట్లో వంతు. ర్యామ్ నుంచి అయితే వంద నానోసెకన్ల లోపు. ఎస్‌ఎస్‌డీ నుంచి దాదాపు లక్ష. తిరిగే పళ్లేలున్న హార్డ్‌డిస్క్ నుంచి దాదాపు కోటి. ఒకటి, వంద, లక్ష, కోటి. ఈ నాలుగు అంకెలు గుర్తుంటే అధ్యాయంలో సగం వచ్చేసినట్టే.

నానోసెకన్లు మన ఊహకు అందవు కాబట్టి వంటింట్లోకి తీసుకొచ్చి చూద్దాం. పొయ్యి మీద నూనె కాగింది, పోపుల పెట్టెలోంచి ఆవాలు తీయడానికి ఒక సెకను పట్టింది. అది క్యాష్. అదే లెక్కన ర్యామ్ నుంచి ఆవాలు రావడానికి నిమిషంన్నర పైన పడుతుంది. ఎస్‌ఎస్‌డీ నుంచి రావాలంటే ఒక రోజు దాటి ఇంకో నాలుగు గంటలు. హార్డ్‌డిస్క్ నుంచి అయితే దాదాపు నాలుగు నెలలు. అన్నాళ్లూ వంటమనిషి గరిటె పట్టుకుని నిలబడే ఉంటుంది. మీ తెర మీద ఆ నీలం చక్రం తిరుగుతున్నప్పుడు లోపల జరుగుతున్నది చాలాసార్లు ఇదే.

క్యాష్ గురించి మీరు చేయగలిగింది ఏమీ లేదు. అది ప్రాసెసర్‌తో పాటే వస్తుంది, పెంచడం కుదరదు. దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

ర్యామ్: క్షణక్షణం నింపుకుంటూ ఉండే మెమరీ

ర్యామ్‌లో ఒక్కో బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక బుల్లి కెపాసిటర్ ఉంటాయి. కెపాసిటర్‌లో ఛార్జి ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఇంత చిన్న ఏర్పాటుతో పని జరుగుతుందని 1966లో ఐబీఎం పరిశోధకుడు రాబర్ట్ డెన్నార్డ్‌కు తట్టింది. 1968లో పేటెంట్ వచ్చింది. 1970లో ఇంటెల్ అమ్మకానికి తెచ్చిన 1103 అనే తొలితరం డైనమిక్ ర్యామ్ చిప్‌లో పట్టింది 1,024 బిట్లు. ఇవాళ మీ లాప్‌టాప్‌లో ఉన్న 8 జీబీ ర్యామ్ స్టిక్‌లో దాదాపు 6,870 కోట్ల బిట్లు పడుతున్నాయి. డెన్నార్డ్ 2024లో కన్నుమూశారు. ఆయన పేరు విననివాళ్లు కూడా ఆయన ఆలోచనను రోజంతా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

ఆ కెపాసిటర్‌కు ఒక బలహీనత ఉంది. దాంట్లో ఛార్జి నిలవదు, కారిపోతూ ఉంటుంది. డీడీఆర్‌4 దాకా వచ్చిన ర్యాముల్లో మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లకూ ఒకసారి, ఉన్న బిట్లన్నింటినీ చదివి మళ్లీ నింపుతుంటారు. మీరు ఈ వాక్యం చదివే లోపు ఆ పని పదుల సార్లు జరిగిపోయింది. కరెంటు పోతే నింపే దిక్కు ఉండదు, ఉన్నదంతా చెరిగిపోతుంది. బ్యాటరీ లేని డెస్క్‌టాప్‌లో సేవ్ చేయని ఉత్తరం కరెంటు కోతతో పాటే మాయమయ్యేది ఇందుకే. స్లీప్‌లో పెడితే యంత్రం ర్యామ్‌కు మాత్రం కొద్దిగా కరెంటు అందిస్తూ ఉంటుంది. హైబర్నేట్ చేస్తే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్ మీద రాసి పూర్తిగా ఆగిపోతుంది. ఎండాకాలం కోతల్లో పని మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే హైబర్నేటే క్షేమం.

మరి ర్యామ్ నిండిపోతే? విండోస్ మీకు చెప్పకుండానే ఒక సర్దుబాటు చేస్తుంది. కాసేపటిగా మీరు ముట్టుకోని ప్రోగ్రాముల సరుకును ర్యామ్‌లోంచి తీసి డిస్క్ మీద పేజ్ ఫైల్ అనే చోట పడేస్తుంది. మీరు ఆ కిటికీ మీద మళ్లీ నొక్కగానే అక్కడి నుంచి వెనక్కి తెస్తుంది. ఈ ఏర్పాటు వల్లే 4 జీబీ ఉన్న యంత్రం కూడా ఆగిపోకుండా ఎలాగో నడుస్తోంది. అయితే వంద నానోసెకన్లలో రావాల్సింది లక్షకో కోటికో వస్తుంది. పాత లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్, దానికి తోడు హార్డ్‌డిస్క్ ఉంటే ఈ రాకపోకలతోనే పొద్దు గడిచిపోతుంది. అప్పుడు ఫోటోలు డిలీట్ చేసినా ఫలితం ఉండదు. ఫోటోలు ఉన్నది ర్యామ్‌లో కాదు కదా.

ఇప్పుడు మీ యంత్రాన్ని చూడండి

యంత్రం హాయిగా నడుస్తున్నప్పుడు కాదు, మీరు రోజూ చేసే పనులన్నీ తెరిచి, విసుగొచ్చేంత నెమ్మదిగా ఉన్నప్పుడు చూడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న చోటికి వెళ్లి మెమరీ మీద నొక్కండి.

బీటెక్ రెండో ఏడాది చదివే అమ్మాయి లాప్‌టాప్ అనుకుందాం. 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. క్రోమ్‌లో ఇరవై ట్యాబ్‌లు, ఒక ఆన్‌లైన్ క్లాసు, ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి ఉన్నాయి. ఇన్ యూజ్ అన్న చోట 7.1 జీబీ, పైన 93 శాతం. కింద కమిటెడ్ అన్న చోట 13.2/16.4 అని ఉంది. ఇందులో మొదటి అంకెను చూడాలి. ప్రోగ్రాములన్నీ కలిపి అడిగింది పదమూడు జీబీలు, ఉన్నది ఎనిమిది. మిగతా భారం పేజ్ ఫైల్ మీద పడుతోందనడానికి ఇది గట్టి సూచన. ఇంకాస్త కింద స్లాట్స్ యూజ్డ్ 1 ఆఫ్ 2 అని ఉంది. అంటే ఇంకో స్టిక్‌కు చోటు ఖాళీగానే ఉంది. ఈ అమ్మాయికి కొత్త లాప్‌టాప్ అక్కర్లేదు. ఇంకో 8 జీబీ స్టిక్ వేయిస్తే చాలు.

ఇదే పరీక్షలో మరో యంత్రం ఇంకోలా కనిపించవచ్చు. మెమరీ 55 శాతం దగ్గరే ఉంది, డిస్క్ మాత్రం ఎప్పుడు చూసినా 100 శాతం, దాని పక్కన హెచ్‌డీడీ అని రాసి ఉంది. దానికి ర్యామ్ వేయించడం డబ్బు దండగ. హార్డ్‌డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ పెట్టించండి. ఏడెనిమిదేళ్ల నాటి లాప్‌టాప్‌కు చేయగల అతి పెద్ద ఉపకారం ఇదే అని నా గట్టి నమ్మకం. నిమిషాల తరబడి తెరుచుకునే యంత్రం సెకన్లలో తెరుచుకుంటుంది. మెమరీ, డిస్క్ రెండూ కుదురుగా ఉండి సీపీయూ ఒక్కటే వంద దగ్గర ఆడుతుంటే లోపం మెమరీది కాదు. ఫ్యాన్‌లో దుమ్మో, వెనక నడుస్తున్న ఏదో ప్రోగ్రామో కారణమై ఉంటుంది.

క్యాష్డ్ అన్న చోట రెండు మూడు జీబీలు కనిపిస్తే కంగారు పడకండి. మీకు మళ్లీ అవసరమవుతాయనుకున్న ఫైళ్లను విండోస్ ఖాళీ ర్యామ్‌లో ముందే ఉంచుకుంటుంది, చోటు కావలసినప్పుడు వెంటనే వదిలేస్తుంది. ర్యామ్ ఖాళీగా పడి ఉండటం వల్ల ఎవరికీ లాభం లేదు. అందుకే ర్యామ్ శుభ్రం చేస్తామని ఊరించే యాప్‌లను ఫోన్‌లో గానీ కంప్యూటర్‌లో గానీ పెట్టుకోవద్దని చెబుతాను. అవి తోసేసిన దాన్ని యంత్రం మళ్లీ డిస్క్ నుంచి తెచ్చుకోవాల్సి వస్తుంది, పని ఇంకా నెమ్మదిస్తుంది.

కొనేముందు

ర్యామ్‌లో తరాలు ఉన్నాయి. డీడీఆర్‌3 నడిచేది 1.5 వోల్టుల మీద, డీడీఆర్‌4 1.2 మీద, డీడీఆర్‌5 1.1 మీద. స్టిక్ అంచున ఉన్న గాడి ఒక్కో తరానికి ఒక్కోచోట ఉంటుంది కాబట్టి ఒకదాని చోట ఇంకోటి దిగదు. బలవంతం చేస్తే స్లాట్ విరుగుతుంది. లాప్‌టాప్ స్టిక్ పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్‌ది దాదాపు దానికి రెట్టింపు పొడవు. సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లినా, మీ ఊళ్లో దుకాణానికి వెళ్లినా, మీ మోడల్ నంబరు, తరం, వేగం, స్లాట్ల లెక్క కాగితం మీద రాసుకుని వెళ్లండి. వేగం, స్లాట్ల లెక్కకైతే టాస్క్ మేనేజర్ పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకున్నా చాలు. ఏం కావాలో చెప్పగలిగిన మనిషికి అక్కర్లేనిది అంటగట్టడం అంత తేలిక కాదు.

అన్ని లాప్‌టాప్‌లలోనూ ర్యామ్ మార్చడం కుదరదు. అదే టాస్క్ మేనేజర్ పేజీలో ఫామ్ ఫ్యాక్టర్ అన్న చోట ఎస్‌ఓడిమ్ అని ఉంటే అది తీసి పెట్టగలిగే స్టిక్. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే చిప్‌లను బోర్డు మీదే అతికేశారన్నమాట. పల్చటి లాప్‌టాప్‌లలో, యాపిల్ వాళ్ల ఎం శ్రేణి మ్యాక్‌బుక్‌లలో ఇంతే. అలాంటివి కొనేటప్పుడే నాలుగేళ్ల అవసరం చూసుకోవాలి. ఉత్తరాలు, ఇంటర్నెట్, క్లాసులు మాత్రమే అయితే 8 జీబీతో నెట్టుకురావచ్చు. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకైతే 16 జీబీ లేకుండా కొనవద్దు. కౌన్సెలింగ్ అయిపోగానే ఇంటింటా లాప్‌టాప్ బేరాలు మొదలవుతాయి. అక్కడ తల్లిదండ్రులు ప్రాసెసర్ పేరు చూసి మురిసిపోయి ర్యామ్ దగ్గర రాజీపడటం చూస్తుంటే బాధేస్తుంది.

రెండు స్లాట్లు ఉంటే ఒకే రకం స్టిక్‌లు రెండు వేయడం మంచిది. ప్రాసెసర్ రెండు దారుల్లోనూ ఒకేసారి సరుకు తెచ్చుకోగలుగుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో బొమ్మలు గీసే భాగం కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా బాగా తెలుస్తుంది. ధరల విషయంలో మాత్రం ఓపిక పట్టండి. ప్రపంచంలో ర్యామ్ చిప్‌లలో అత్యధిక భాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలే తయారుచేస్తాయి. ఏఐ సర్వర్లకు కావలసిన మెమరీ కూడా వాటి దగ్గరే తయారవుతుంది. గిరాకీ అటు మళ్లితే మన స్టిక్ ధర ఎగబాకుతుంది.

మీరే వేసుకోవాలనుకుంటే యంత్రాన్ని షట్‌డౌన్ చేసి ఛార్జర్ తీసేయండి. వెనక మూత తీశాక వీలైతే బ్యాటరీ తీగ కూడా ఊడదీయండి. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి ఇనుప వస్తువు దేన్నయినా ఒకసారి ముట్టుకోండి. స్టిక్‌ను అంచులతోనే పట్టుకోవాలి, బంగారు రంగు గీతలకు వేలు తగలకూడదు. గాడి కుదిరేలా చూసి, ఏటవాలుగా లోపలికి తోయండి. ఆ బంగారు గీతలు దాదాపు కనిపించకుండా పోవాలి. అప్పుడు మెల్లగా కిందికి నొక్కితే రెండు పక్కలా ఉన్న క్లిప్పులు టక్కుమని పట్టుకుంటాయి. డీడీఆర్‌5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. యంత్రం కొత్త ర్యామ్‌ను పరీక్షించుకుంటోంది. కంగారుపడి పవర్ బటన్ నొక్కవద్దు.

ఫోన్‌కు కూడా ఇవే సూత్రాలు వర్తిస్తాయి. ప్రకటనల్లో 8 జీబీకి ఇంకో 8 జీబీ కలుస్తుందని రాస్తుంటారు. కలిసేది ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి తీసి పేజ్ ఫైల్‌లా వాడుకునే చోటు. వంద నానోసెకన్ల పని అక్కడ జరగదు. ఆ అంకె చూసి ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. దానికన్నా స్టోరేజీ యూఎఫ్‌ఎస్ రకమా, ఈఎంఎంసీ రకమా అని అడగండి. యూఎఫ్‌ఎస్ చాలా వేగంగా పనిచేస్తుంది.

కరెంటు లేకపోయినా గుర్తుంచుకునేది

ఎస్‌ఎస్‌డీ, పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఫోన్ స్టోరేజీ, ఈ నాలుగింటి లోపలా ఉండేది ఫ్లాష్ మెమరీయే. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసుయోకా దీని రూపకర్త. 1984లో మొదటి రకాన్ని, 1987లో ఇప్పుడు మనం వాడే నాండ్ రకాన్ని లోకానికి చూపించారు. ఎలక్ట్రాన్లను చుట్టూ ఇన్సులేటర్ ఉన్న ఒక గదిలోకి నెట్టి బంధిస్తారు. కరెంటు ఆపేసినా అవి అక్కడే ఉండిపోతాయి.

ఒక్కో గదిలో ఎన్ని బిట్లు దాస్తున్నారన్నదాన్ని బట్టి ధర, మన్నిక మారతాయి. ఒకే బిట్ అయితే ఛార్జి ఉందా లేదా అని చూస్తే చాలు. టీఎల్‌సీ రకంలో మూడు బిట్లు, అంటే ఎనిమిది మట్టాలను వేరుచేసి గుర్తుపట్టాలి. క్యూఎల్‌సీలో నాలుగు బిట్లకు పదహారు మట్టాలు. మట్టాలు దగ్గరయ్యేకొద్దీ చదవడంలో పొరపాటుకు అవకాశం పెరుగుతుంది, రాయడం నెమ్మదిస్తుంది. పైగా చెరిపి రాసిన ప్రతిసారీ ఆ ఇన్సులేటర్ కొంచెం అరుగుతుంది. ఇది విని ఎస్‌ఎస్‌డీ తొందరగా పాడవుతుందని భయపడేవాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు. 500 జీబీ డ్రైవ్‌కు 300 టీబీల రాతకు హామీ ఇవ్వడం మామూలే. రోజుకు 30 జీబీ చొప్పున రాసినా అది చేరడానికి 27 ఏళ్లు పడుతుంది.

భయపడాల్సింది వేరే ఉంది. ఫ్లాష్‌లో బంధించిన ఛార్జి కూడా ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా ఉంటే, అందులోనూ వేడిగా ఉన్న చోట, మెల్లమెల్లగా తగ్గిపోతుంది. పెళ్లి వీడియో ఉన్న పెన్‌డ్రైవ్‌ను బీరువాలో పెట్టి పదేళ్ల తర్వాత తీస్తే తెరుచుకుంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. హార్డ్‌డిస్క్ అయస్కాంతం మీద పనిచేస్తుంది కాబట్టి దీర్ఘకాలం దాచడానికి కొంత నయం. కింద పడేస్తే మాత్రం దానికి ఎస్‌ఎస్‌డీ అంత ఓర్పు లేదు.

డిలీట్ చేసిన ఫైలు సంగతి కూడా తెలుసుకోండి. హార్డ్‌డిస్క్‌లో డిలీట్ చేసిన ఫైలు వెంటనే పోదు. దాని మీద ఇంకోటి రాసే దాకా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తెచ్చుకునే అవకాశం ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో అలా కాదు. ఫలానా చోటు ఇక అక్కర్లేదని ట్రిమ్ అనే ఆదేశంతో విండోస్ డ్రైవ్‌కు చెప్పేస్తుంది, డ్రైవ్ తీరిక దొరికినప్పుడు దాన్ని నిజంగానే చెరిపేస్తుంది. పొరపాటున డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశారంటే చాలా సందర్భాల్లో ఆశ వదులుకోవాల్సిందే.

1 టీబీ డ్రైవ్ కొంటే 931 జీబీయే చూపిస్తోందని, దుకాణదారు మోసం చేశాడని కొందరు గొడవకు వెళ్తారు. మోసం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, విండోస్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. 512 జీబీ డ్రైవ్ 476గా కనిపించేది కూడా అందుకే. అసలైన మోసం ఇంకోటి ఉంది. కొన్ని వందల రూపాయలకే 1 టీబీ అంటూ అమ్మే పెన్‌డ్రైవ్‌లు, కార్డులు. లోపల ఉన్నది 32 జీబీ చిప్పే అయినా 1 టీబీ అని కంప్యూటర్‌కు అబద్ధం చెప్పేలా తయారుచేస్తారు. మొదటి 32 జీబీ దాకా అంతా బాగానే ఉంటుంది. ఆ తర్వాత కాపీ చేసినవి పేర్లతో కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. ఏ కార్డు కొన్నా వాడకం మొదలుపెట్టే ముందే విండోస్‌లో అయితే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో అయితే ఎఫ్‌3 అనే ఉచిత ప్రోగ్రాముతో మొత్తం నింపించి, తిరిగి చదివించి చూడండి. కొన్ని గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకోండి.

ఇన్ని రకాల మెమరీల్లోనూ మరిచిపోనిది ఒక్కటీ లేదు. మరిచిపోయే తీరు, పట్టే కాలం వేరు, అంతే. కాబట్టి పోతే మళ్లీ దొరకని ఫైళ్లను మూడు చోట్ల ఉంచండి. ఒకటి యంత్రంలో, ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లో, మూడోది ఇంటికి దూరంగా, క్లౌడ్‌లోనో ఊళ్లో ఉన్న అన్నయ్య దగ్గరో. దొంగతనమైనా వరదైనా ఒకే ఇంట్లో ఉన్న రెండు కాపీలనూ కలిపే తీసుకుపోతాయి. బయటి డిస్క్‌ను కాపీ అయ్యాక ఊడదీసి ఉంచండి. తగిలించే ఉంటే యంత్రానికి పట్టిన వైరస్ దానికీ పడుతుంది.

ఏడాదికి రెండుసార్లు ఆ డిస్క్‌ను తగిలించి, అన్నిటికన్నా పాత ఫోల్డర్ తెరిచి, అందులో ఏదో ఒక వీడియోను మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడండి. మధ్యలో ఆగిపోతే వెంటనే మిగతా రెండు చోట్లా అదే ఫైలును తెరవండి. బాగున్న కాపీ దొరికితే ఆ రోజే కొత్త డిస్క్ మీదికి ఎక్కించండి, ఆగిపోయిన డిస్క్‌ను మళ్లీ నమ్మకండి.